కాన్సరు మందులు – నెత్తుటి లెక్కలు



దేవదానవులు పాలసముద్రమును చిలికినప్పుడు ముందుగా పైకి వచ్చినది అమృతము కాదు, హాలాహలము. ఈ కథ ఎఱుగనివారు తెలుగునాట లేరు. పరమశివుడు ఆ విషమును స్వీకరించెనని అందఱును చెప్పుదురు గాని, దానిని కంఠమునందే నిలిపెను, క్రిందికి దిగనీయలేదు, పైకి రానీయలేదు అను మాటను త్వరగా దాటిపోవుదురు. కథలోని నేర్పంతయు ఆ నిలుపుటలోనే యున్నది. కాన్సరు వ్యాధికి ఇచ్చు మందులలో పెక్కు విషములే. ఆ విషమును ఎంతవఱకు పోనీయవలెను, ఎచ్చట ఆపవలెను, ఆపుట ఆలస్యమైనచో దేహమునకు కలిగిన నష్టమును దేనితో పూడ్చవలెను అను ప్రశ్నలకు వైద్యులు 1947 మొదలు నేటివఱకు సమాధానము వెదకుచునే యున్నారు. ఆ వెదకులాటకు మొదటి కారణమైన మందు ఒక తెలుగువాని పర్యవేక్షణలోని ప్రయోగశాలనుండి వెలువడినది. అయినను ఈ ప్రసంగము ఆ మహనీయుని జీవితచరిత్ర కాదు. మందు పుట్టిన కథ పలువురు చెప్పినదే. ఆ మందు చేసిన గాయములను ఓపికతో లెక్కపెట్టినవారి కథ అంతగా వినబడదు.

రక్తమును గూర్చి ముందుగా కొంత తెలిసికొనవలెను. రక్తకణములు పుట్టుచోటు గుండె కాదు, ఎముకల లోపలనుండు మూలుగ. అందు రేయింబవళ్లు మూడు విధముల సరకు తయారగుచుండును. ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోయును. వాని జీవితకాలము సుమారు 120 దినములు. ప్లేట్‌లెట్లు అను చిన్న తునకలు తెగిన రక్తనాళమునకు అడ్డుపడి నెత్తురు కాఱకుండ చేయును. వాని ఆయుర్దాయము 8 లేక 10 దినములు. తెల్లకణములలో న్యూట్రోఫిళ్లు అనునవి బయటినుండి చొరబడు సూక్ష్మజీవులను మ్రింగివేయును. అవి రక్తములో ఒక్క దినమైనను పూర్తిగా నిలువవు. ఖర్చు ఇంత త్వరితముగా నున్నచోట రాబడి ఒక్క వారము ఆగినను ఖజానా ఏమగునో ఊహింపవచ్చును. మొదట న్యూట్రోఫిళ్లు, పిమ్మట ప్లేట్‌లెట్లు, కట్టకడపట ఎఱ్ఱకణములు తఱిగిపోవును. తఱుగుదల వరుస ఆయుర్దాయపు వరుసయే.

ల్యుకీమియా అనునది ఈ మూలుగకు పట్టు కాన్సరు. 1847లో జర్మను పండితుడు రుడాల్ఫ్ విర్కో దీనికి తెల్లని రక్తమను అర్థము వచ్చు ఈ పేరు పెట్టెను. పక్వము కాని తెల్లకణములు మూలుగలో తుంగవలె అల్లుకొని, మంచి పైరునకు చోటు లేకుండ చేయును. బిడ్డ పాలిపోవును, చిగుళ్లనుండి నెత్తురు కాఱును, కారణము తెలియని జ్వరము వచ్చును. తీవ్రమైన ల్యుకీమియా సోకిన బిడ్డ 1947కు పూర్వము కొన్ని వారములు, మహా అయిన కొన్ని మాసములు బ్రదికెడివాడు. వైద్యులు తల్లిదండ్రులకు ధైర్యము చెప్పుట తప్ప చేయగలిగినది లేదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మదరాసు వైద్యకళాశాలలో చదువుకొనిరి. ఖద్దరు ధరించి శస్త్రచికిత్సా గృహమునకు వచ్చుట దొర ఆచార్యునకు నచ్చక, ఎం.బి.బి.ఎస్.కు మాఱుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. అన్నదమ్ములలో ఇరువురు స్ప్రూ అను వ్యాధిచేత కొద్దిదినముల వ్యవధిలో మరణించిరి. తిన్నది ఒంట పట్టక, విరేచనములతో కృశించి, రక్తము పలుచనై మనుష్యుని తీసికొనిపోవు ఆ వ్యాధిని ఆయుర్వేదము గ్రహణి యందురు. సుబ్బారావుగారు కొంతకాలము మదరాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా నుండి, తరువాత అమెరికాకు వెళ్లిరి. హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కుతో కలసి రక్తములో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములు పనిచేయుటకు శక్తినిచ్చు పదార్థములను గూర్చి వారు చేసిన పరిశోధనలు ప్రసిద్ధములు. హార్వర్డు వారికి శాశ్వతోద్యోగ మీయలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్‌లోనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొలదికాలములోనే పరిశోధనశాఖకు అధిపతి యైరి. బోదకాలునకు నేటికిని ఇచ్చు డైయిథైల్ కార్బమజీన్ మందు వారి కాలమునందే అచ్చటనుండి వచ్చినది. గోదావరి, విశాఖ మండలములవారికి ఆ మాత్రల రుచి తెలియును. అవి ఎవరి పర్యవేక్షణలో పుట్టినవో తెలిసినవారు తక్కువ.

ఇక ఫోలిక్ ఆమ్లము. దీని జాడ మొదట కనుగొన్నది లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు. ఆమె 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణీ స్త్రీలకు వచ్చు ఒకవిధమైన పాండురోగమును పరీక్షించెను. వారి రక్తములోని ఎఱ్ఱకణములు సంఖ్యలో తక్కువై, పరిమాణములో మితిమీఱి పెద్దవై యుండెను. చౌకగా దొరకు మార్మైట్ అను ఈస్టు సారము తినిపింపగా ఆ స్త్రీలు కోలుకొనిరి. 1931లో ఆమె ఈ సంగతిని ప్రకటించెను. ఆ సారములోనున్నదేమో ఆమెకు తెలియలేదు. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు పాలకూరనుండి తీసిన పదార్థమునకు ఆకు అను అర్థము వచ్చు లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1945లో లెడర్లీవారు దానిని ప్రయోగశాలలోనే తయారుచేసి చూపిరి. వెంటనే టామ్ స్పైస్ అను వైద్యుడు క్యూబా దేశములో స్ప్రూ రోగులకిచ్చి, పలుచనైన రక్తము మరల చిక్కబడుటను చూచెను. అన్నదమ్ములను తీసికొనిపోయిన వ్యాధికి మందు సుబ్బారావుగారి చేతిమీదుగా లోకమునకు వచ్చెను.

ఇచ్చటినుండి కథ తిరుగుడుపడును. బోస్టను నగరమునందలి పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. ఫోలిక్ ఆమ్లము పలుచబడిన రక్తమును బాగుచేయుచున్నది గదా, దాని సంబంధమైన పదార్థములు ల్యుకీమియాలో కూడ మేలు చేయునేమో యని ఆయన సుబ్బారావుగారినుండి వానిని తెప్పించి రోగులకిచ్చెను. మేలు కలుగలేదు సరికదా, మూలుగలోని పాడుకణములు మఱింత వేగముగా పెరుగుచున్నట్లు కనబడెను. ఇది కఠినమైన సత్యము. దీనిని కప్పిపుచ్చుట న్యాయము కాదు. ఫార్బరు కూడ కప్పిపుచ్చలేదు. ఎరువు వేసిన తుంగ బలిసినదన్నచో, ఎరువు అందకుండ చేసిన ఎండునా యని ప్రశ్నించుకొనెను. ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన పదార్థము కావలెనని కోరెను. సుబ్బారావుగారి పరివారము అట్టి పదార్థములను ఒకదాని తరువాత నొకటిగా చేసి పంపిరి. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని 1947 చివర ఫార్బరు పిల్లలకిచ్చుట మొదలుపెట్టెను.

1948 జూన్ నెలలో ఫలితములు ప్రకటితములయ్యెను. 16 మంది పిల్లలకు మందిచ్చిరి; 10 మందిలో మంచి మార్పు కనబడెను. ఉబ్బిన ప్లీహము తగ్గెను, మూలుగలో మంచి కణములు మరల మొలకెత్తెను, నడువలేని బిడ్డలు నడచిరి. అంతవఱకు వైద్యశాస్త్రము ఎఱుగని విషయమది. అయినను ఆ వ్యాసమునకు పెట్టిన పేరులోనే తాత్కాలికమను మాట యున్నది. వ్యాధి కొన్ని మాసములు తగ్గి మరల వచ్చెను. మఱియొక సంగతియు అందులోనే వ్రాసిరి. మందు పుచ్చుకొన్న పిల్లలకు నోటినిండ పుండ్లు పుట్టెను. జయము ప్రకటించిన పుటలోనే నష్టమును కూడ వ్రాసి యుంచుట ఆ వైద్యుల నిజాయితీ. జమ ఒక పుస్తకములోను, ఖర్చు మఱియొక పుస్తకములోను వ్రాసినవాని లెక్క ఎన్నటికిని తేలదు. ఆ వ్యాసము వెలువడిన రెండు మాసములకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు 53 ఏండ్ల వయసున నిద్రలోనే మరణించిరి. స్వదేశమునకు తిరిగిరాలేదు.

నోటిపుండ్లు ఏల వచ్చెను? ఇది తెలిసినగాని తరువాతి కథ బోధపడదు. కణము రెండుగా చీలవలెనన్న, లోపలి వారసత్వపు పత్రమునకు నకలు వ్రాసికొనవలెను. ఆ నకలునకు ఫోలిక్ ఆమ్లము కావలెను. కాని అది తిన్నది తిన్నట్లుగా పనికిరాదు. కణములోని ఒక ఎంజైము, కచేరీలోని గుమాస్తావలె, దానిమీద ముద్రవేసి లోపలికి పంపవలెను. అమినోప్టెరినును, దాని తమ్ముడై 1950 తరువాత దాని స్థానము నాక్రమించిన మెథోట్రెక్సేటును, అసలు దస్తావేజును అచ్చముగా పోలిన దొంగదస్తావేజులు. గుమాస్తా ఆ దొంగకాగితమును చేతబట్టుకొని విడువడు, అసలు కాగితము వచ్చినను ముద్ర పడదు, కచేరీ మూతపడును. త్వరత్వరగా చీలు కాన్సరు కణములు ముందుగా చచ్చును. అయితే త్వరగా చీలునవి అవియే కావు. మూలుగ, నోటి పొర, ప్రేగుల పొర, వెండ్రుకల మొదళ్లు కూడ అట్టివే. మందునకు మంచి చెడ్డల వివేకము లేదు. వేగమొక్కటియే దానికి గుఱుతు. కావున పుండ్లు, వాంతులు, జుట్టు రాలుట, నెత్తురు తఱుగుట అన్నియు ఒకే కారణమునుండి పుట్టుచున్నవి.

ఈ నష్టమునకు విరుగుడు కూడ ఫోలిక్ ఆమ్లపు వంశములోనే దొరకుట విశేషము. 1948లో సాబర్లిచ్, బౌమన్ అను శాస్త్రజ్ఞులు ఒక సూక్ష్మజీవి పెరుగుదలకు కావలసిన పదార్థమును కనుగొనిరి. అదియే కొంతకాలమునకు ల్యూకోవోరిన్ అను మందయ్యెను. ఇది ముందే ముద్రపడిన దస్తావేజు వంటిది. గుమాస్తాతో పనిలేకయే లోపలికి పోవును. మెథోట్రెక్సేటును మామూలుకంటె ఎన్నోరెట్లు ఎక్కువగా ఎక్కించి, సుమారొక దినము కాన్సరుమీద పనిచేయనిచ్చి, పిమ్మట ల్యూకోవోరిన్ ఇచ్చినచో మంచి కణములు ప్రాణముతో బయటపడును. ఐజక్ జెరాసి అను వైద్యుడు 1960ల దశాబ్దమున ఈ పద్ధతిని రోగులలో నడిపించెను. 1974లో నార్మన్ జాఫీయు, ఆయన సహచరులును ఎముకల కాన్సరు సోకిన పిల్లలలో దీనిని ప్రయోగించి, మేలు కలిగినట్లు ప్రకటించిరి.

ఇంత చక్కని ఉపాయమునకు చప్పట్లు కొట్టి ఊరకుండవచ్చును. కాని కొందఱు వైద్యులు ఊరకుండక, ఈ పెద్ద మోతాదు పుచ్చుకొన్నవారిలో కేవలము మందువలననే చనిపోయినవారెందఱో లెక్క తీసిరి. 1977లో ఆ లెక్క బయటపడెను. 498 మందిలో 29 మంది కాన్సరువలన గాక చికిత్సవలన మరణించిరి. నూటికి ఆరుగురు! మందు మూత్రపిండములలో స్ఫటికములై పేరుకొనుటయు, బయటకు పోవలసినది రక్తములోనే నిలిచిపోవుటయు ముఖ్యకారణమని తేలెను. అటుపిమ్మట సెలైను సమృద్ధిగా ఎక్కించుట, మూత్రమును క్షారగుణముతో నుంచుట, రక్తములో మందెంత మిగిలెనో నియమిత కాలములలో కొలిచి ల్యూకోవోరిన్ పెంచుట నియమములయ్యెను. మూత్రపిండములు మొండికేసినచో మందునే ముక్కలుచేయు గ్లూకార్పిడేజు అను ఎంజైమునకు 2012లో అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగెను. ఆ 29 మంది లెక్క వ్రాయబడకపోయినచో, తరువాతివారి చావులు కూడ వ్యాధి ఖాతాలోనే జమకట్టబడియుండెడివి.

రక్తస్రావమును గూర్చి చెప్పవలసినది చాలగలదు. 1955లో ఎమిల్ ఫ్రైరైక్ అను యువవైద్యుడు అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో ల్యుకీమియా పిల్లల వార్డునకు వచ్చెను. ఆ వార్డులో పిల్లల ముక్కులనుండి, నోళ్లనుండి నెత్తురు ధారలుగా కాఱుచుండెను. దుప్పట్లు, గోడలు, వైద్యుల దుస్తులు తడిసిపోవుచుండెను. రక్తమెక్కించుచునే యుండిరి, కాఱుచునే యుండెను. ఎక్కించు రక్తము నిలువ రక్తమనియు, నిలువలో ప్లేట్‌లెట్లు నశించియుండుననియు, తాజా రక్తమైనచో ఫలితముండుననియు ఆయన వాదించెను. పెద్దలకు మొదట నమ్మకము కలుగలేదు. ఆయన ప్రయోగములు చేసి చూపెను. 1962లో గేడాస్, ఫ్రైరైక్, మాంటెల్ అను ముగ్గురు ప్లేట్‌లెట్ల సంఖ్యకును నెత్తురు కాఱుటకును గల సంబంధమును దినదినపు లెక్కలతో ప్రకటించిరి. సంఖ్య తగ్గినకొలది ప్రమాదము పెరుగుచుండెను గాని, ఫలానా అంకెవద్ద గీత గీచినట్లు మాఱలేదు. బోస్టనులో జెరాసి, ఫార్బరు ప్రభృతులు ప్లేట్‌లెట్లను వేరుచేసి ఎక్కించుటను 1963లో వివరించిరి. మెథోట్రెక్సేటుకు విరుగుడు నడిపించిన జెరాసియే ఈయన.

ఒక్కొక్క దాతవద్ద సీసాడు రక్తము తీసి, అందులోనుండి కొద్దిపాటి ప్లేట్‌లెట్లను వేరుచేయుట శ్రమతో కూడిన పని. ఐ.బి.ఎం. సంస్థలో జార్జి జడ్సన్ అను ఇంజనీరుండెను. ఆయన కుమారునికి ల్యుకీమియా సోకెను. తండ్రి ఆసుపత్రికి వచ్చి ఈ కష్టమును చూచి, ఫ్రైరైకుతో కూడుకొని యంత్రమునకు ఉపాయము పన్నెను. దాత చేతినుండి వచ్చు రక్తము గిఱ్ఱున తిరుగుచు విడిపోవును. కావలసిన భాగము సంచిలో పడును. మిగిలినది దాతకే తిరిగి పోవును. 1960ల దశాబ్దము నడుమ అది తయారయ్యెను. నేడు పట్టణముల రక్తనిధులలో ప్లేట్‌లెట్లు తీయు యంత్రములకు అది మూలపురుషుడు. వైద్యుడు గాని, విద్వాంసుడు గాని కాక, బిడ్డ మంచముప్రక్క కూర్చున్న తండ్రి చేసిన మేలది.

మరణములకు కూడ ఆవర్జా వ్రాసిరి. 1954 మొదలు 1963 వఱకు ఆ సంస్థలో తీవ్ర ల్యుకీమియాతో మరణించిన 414 మంది రోగులు ఏ కారణమున పోయిరో విచారించి 1965లో ప్రకటించిరి. పదేండ్లలో నెత్తురు కాఱి చచ్చుట చాల తగ్గెను. ప్లేట్‌లెట్లు ఎక్కించుట దానికి కారణము. సూక్ష్మజీవులవలన వచ్చు చావు తగ్గలేదు. ఒక గండి పూడ్చినప్పుడు రెండవ గండి ఎచ్చటనున్నదో కనబడెను. మఱుసటి సంవత్సరము, 1966లో, జెరాల్డ్ బోడీయు ఆయన సహచరులును 52 మంది రోగుల తెల్లకణములను, వారికి వచ్చిన జ్వరములను సరిపోల్చిరి. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో న్యూట్రోఫిళ్లు 1,000కి దిగువకు వచ్చినచో సూక్ష్మజీవుల దాడి ఎక్కువగుననియు, 100కు దిగువ మిక్కిలి ప్రమాదమనియు, ఎంత తక్కువయో అంతేగాక ఎన్నాళ్లు తక్కువగా నుండెనో యనునదియు ముఖ్యమనియు తేలెను. నేడు ప్రపంచమునందలి ప్రతి కాన్సరు ఆసుపత్రిలోను రోగి చీటీమీద చూచు మొదటి అంకె ఇదియే. రక్తపరీక్ష కాగితము తెచ్చుకొను పల్లెటూరివాడు, అందలి అంకెలు ఏ పిల్లల నెత్తుటితో వ్రాయబడినవో ఎఱుగడు.

విషమును ఎంతవఱకు పోనీయవలెనను ప్రశ్నకు సంబంధించిన యొక ముచ్చట గలదు. అది అంత సంతోషకరము కాదు. 1956లో ఆ జాతీయ సంస్థలోనే మిన్ చియు లీ అను చైనా వైద్యుడు, గర్భసంబంధమైన కోరియోకార్సినోమా అను కాన్సరునకు రాయ్ హెర్ట్జుతో కలసి మెథోట్రెక్సేటు ఇచ్చెను. ఊపిరితిత్తులలో పాకిన గడ్డలు మాయమయ్యెను. అయితే ఆ కణములు స్రవించు హార్మోను రక్తములో, మూత్రములో కొద్దిగా మిగిలియుండెను. గడ్డ కనబడకపోయినను హార్మోను పూర్తిగా పోవువఱకు మందు ఆపరాదని లీ పట్టుపట్టెను. కనబడని వ్యాధికి విషమిచ్చుట క్రూరమని పైవారు భావించిరి. ఆయన ఆ సంస్థను విడువవలసివచ్చెను. కాలము గడచినకొలది ఆయన పద్ధతిలో మందు పూర్తిగా పుచ్చుకొన్నవారు బ్రదికి, నడుమ ఆపినవారికి వ్యాధి తిరుగబడెను. 1972లో లీకి, హెర్ట్జుకు లాస్కర్ పురస్కారములు లభించెను. పైవారిని దుర్మార్గులనుట తొందరపాటు. వారు రోగి బాధను చూచిరి. లీ కనబడని శేషమును చూచెను. కొలత ఉన్నవాడు నెగ్గెను.

మెంఫిస్ పట్టణములో 1962లో తెఱచిన సెంట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ నాయకత్వమున వైద్యులు పెక్కు మందులను కలిపి, వ్యాధి దాగుకొను మెదడునకు కిరణచికిత్స చేర్చి, 1967లో మొదలుపెట్టిన ప్రయోగములో సగముమంది పిల్లలను శాశ్వతముగా బ్రదికించిరి. అది గొప్ప జయము. బ్రదికిన ఆ పిల్లలు పెరిగి పెద్దవారైరి. అప్పుడుగాని క్రొత్త ఖర్చు బయటపడలేదు. కొందఱు పొట్టిగా మిగిలిరి, కొందఱికి చదువు వంటబట్టలేదు, కొందఱికి ఏండ్ల తరువాత మెదడులో వేఱు గడ్డలు లేచెను. ప్రాణము దక్కినది గదా యని సరిపెట్టుకొనుటకు ఆ వైద్యులు ఒప్పుకొనలేదు. కిరణములను క్రమక్రమముగా తగ్గించి, వెన్నెముకలోనికి మెథోట్రెక్సేటు మొదలగు మందులనిచ్చి, చివరకు ఏ బిడ్డకును మెదడునకు కిరణములు లేకుండనే నూటికి 90 మందికి మించి బ్రదికించిన ఫలితమును 2009లో చూపిరి. ఒక్క కొఱతను తొలగించుటకు నలువది యేండ్లు పట్టెను.

భారతదేశములో బొంబాయి టాటా ఆసుపత్రి, ఢిల్లీ అఖిలభారత వైద్యసంస్థ, 1954లో స్థాపితమైన మదరాసు అడయారు కాన్సరు సంస్థ — ఈ మూడును ఒకే చికిత్సావిధానమును 14 ఏండ్లపాటు నడిపి, ఫలితమును 2005లో ప్రకటించెను. మందులు అవే అయినను ఇచ్చట చావులు ఎక్కువ. బిడ్డలు ఆలస్యముగా వచ్చుట, తిండి చాలక బక్కచిక్కియుండుట, సూక్ష్మజీవుల దాడి ఎక్కువగుట, నడుమ చికిత్స మానుకొనుట ముఖ్యకారణములు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగు పేర 1955నుండి కాన్సరు ఆసుపత్రి నడచుచున్నది. అట్టి చోట్లకు రెండు మూడు పర్యాయములు పోయి, జుట్టు రాలినదని, నోరు పూసినదని భయపడి బిడ్డను ఇంటికి తెచ్చుకొను తల్లిదండ్రులను తప్పుపట్టుట సులభము. ఆ పుండ్లు ఏల వచ్చునో, ఎన్నాళ్లకు మానునో ముందుగా వారికి తెలిసిన భాషలో చెప్పనివారిది కూడ తప్పే. మూలుగ మరల మేల్కొని తెల్లకణములు పెరుగగానే సాధారణముగా పుండ్లు వాటంతట అవి మానుచుండును.

అందఱికిని ఒకే మోతాదు సరిపోదనుటకు కూడ నిదర్శనము దొరకినది. ల్యుకీమియా పిల్లలు రెండేండ్లకు పైగా మింగవలసిన మెర్కాప్టోప్యూరిన్ అను మాత్ర కొందఱిలో మాత్రము తెల్లకణములను మితిమీఱి తగ్గించుచుండెను. 2014లో కొరియా శాస్త్రజ్ఞులు దీనికి ఒక జన్యువులోని భేదము కారణమని చూపిరి. ఆ భేదము పాశ్చాత్యులలోకంటె ఆసియావాసులలో, భారతీయులలో ఎక్కువ. ఇతర దేశములలో కుదిరిన కొలత ఇచ్చట కుదరకపోవచ్చునని దీనివలన తెలియుచున్నది.

మెథోట్రెక్సేటు నేడు కాన్సరు ఆసుపత్రులకే పరిమితము కాదు. కీళ్లవాతమునకు, సోరియాసిసను చర్మరోగమునకు చిన్న మోతాదులో ఇచ్చుచున్నారు. ఆ మాత్ర వారమున కొక్కదినము మాత్రమే వేసికొనవలెను. దినమున కొకటి చొప్పున పొరపాటున మింగినవారికి కొద్దిదినములలోనే నోరు పూసి, మూలుగ ఎండి, ప్రాణాపాయము కలుగుచున్నది. చదువురాని పెద్దలకు చీటీమీద వారమున కొకసారి యని వ్రాసియిచ్చినచో చాలదు. ఏ వారమో పేరు చెప్పి, ఆదివారమో బుధవారమో నిర్ణయించి, ఇంట చదువుకొన్న బిడ్డచేత గోడమీది కేలండరులో గుఱుతు పెట్టించవలెను. ఆ మాత్రతోపాటు వైద్యులు వ్రాసియిచ్చు పసుపుపచ్చని ఫోలిక్ ఆమ్లపు మాత్ర, లూసీ విల్స్ జాడ కనుగొనగా సుబ్బారావుగారి ప్రయోగశాలలో రూపొందిన పదార్థమే. మాత్రలు వేసికొనుచున్నవారికి నోటిలో పుండ్లు, ఒంటిమీద నల్లని మచ్చలు, జ్వరము కనబడినయెడల తరువాతి మాత్ర వేయక వెంటనే వైద్యునివద్దకు పోయి రక్తము పరీక్ష చేయించుకొనవలెను.

కాన్సరు మందు ఎక్కించుకొని ఊరికి వచ్చినవారికి జ్వరము 100.4 డిగ్రీలు చేరినచో, అర్ధరాత్రియైనను బండి కట్టవలసినదే. వాడుక జ్వరపు మాత్ర వేసి తెల్లవారనిమ్మనుట మిక్కిలి ప్రమాదకరము. గొంతులో వాపుగాని, పుండున చీముగాని కనబడలేదని ధైర్యపడరాదు. చీము పట్టుటకు కూడ తెల్లకణములు కావలెను. అవియే లేనప్పుడు దేహములోపల శత్రువు నిండిపోయినను బయట గుఱుతు కనబడదు.

ప్లేట్‌లెట్ల దాతలను గూర్చియు ఊరిలో ముందే ఒక పట్టిక యుండుట మంచిది. యంత్రముమీద ప్లేట్‌లెట్లు ఇచ్చువారు 18 ఏండ్లు నిండి, 50 కిలోల బరువునకు తక్కువ కాక, ఆస్పిరిన్ మాత్ర వేసికొని 3 దినములైన గడచియుండవలెను. ఇచ్చుటకు గంట, గంటన్నర పట్టును. ఎఱ్ఱరక్తము తిరిగి వారి ఒంటిలోనికే పోవును. తీసిన ప్లేట్‌లెట్లను చల్లని పెట్టెలో పెట్టరు. సుమారు 22 డిగ్రీలలో, ఊయలవలె మెల్లగా ఊపుచుండు బల్లమీద నుంచుదురు. అట్లుంచినను 5 దినములకు మించి నిలువవు. అందుచేత ముందుగా తీసి దాచిపెట్టుకొను వస్తువు కాదు; పిలిచిన దినమున బస్సు ఎక్కి పోగలవారి పేర్లు, రక్తపు గుంపులు, ఆ పట్టికలో వ్రాసి యుంచవలెను.